చదివిపెట్టేవాళ్ళు

మా అవ్వకు జాబు వస్తే మూడిళ్ళు తిరిగేది. ఒకే జాబును ముగ్గురితో చదివించుకునేది. ఆమెకు అక్షరం రాదు. చదివిపెట్టేవాళ్ళను ఊరికే నమ్మకూడదని మాత్రం బాగా తెలుసు.

ఇది 1970ల చివరి మాట. మాది మల్దకల్. కృష్ణకూ తుంగభద్రకూ నడుమ ఉన్న నేల కాబట్టి మా ప్రాంతాన్ని నడిగడ్డ అంటారు. రెండు నదుల మధ్య ఉండి కూడా వానకోసం ఆకాశంకేసి చూసే నేల. మా చిన్నాయన గుంపు మేస్త్రీ వెంట శ్రీశైలం డ్యాము పనికి వెళ్ళాడు. ఆయనకూ రాయడం రాదు. అక్కడ క్యాంపులో ఎవరో రాసిపెట్టేవాళ్ళు, ఇక్కడ ఊళ్ళో ఎవరో చదివిపెట్టేవాళ్ళు. కొడుకు మాట తల్లికి చేరాలంటే మధ్యలో ఇద్దరు పరాయి మగవాళ్ళను దాటుకుని రావాలి.

ఒకసారి వచ్చిన జాబు నాకిప్పటికీ గుర్తు. మొదటి ఇంటి పెద్దమనిషి మా తాతను కూడా కూర్చోబెట్టుకుని చదివాడు. అంతా క్షేమం, మనియార్డరు పంపినాను, తిమ్మప్ప జాతరకు వస్తాను. రెండో ఇంట్లోనూ అదే చదివారు. మూడో మనిషిని నేను. నాలుగో తరగతి చదువుతున్నాను. కూడబలుక్కుని చదువుతుంటే మధ్యలో ఎవరూ చెప్పని వాక్యం ఒకటి వచ్చింది. 'ఇరవై రూపాయలు దాని చేతికే ఇయ్యండి, కాన్పు ఖర్చుకు.' దాని చేతికి అంటే మా చిన్నమ్మ చేతికి. నిండు చూలాలు. తలుపు వెనక నిలబడి వింటోంది.

మొదటి ఇద్దరూ అబద్ధం చదవలేదు. మామ ఎదురుగా కోడలి చేతికి డబ్బివ్వమనే మాట చదవడం మర్యాద కాదనుకున్నారేమో, ఒక్క వాక్యం దాటేశారు. అవ్వ ఆ కాగితం నా చేతిలోంచి తీసుకుని, 'సూసినావా బిడ్డా, జాబు నాదే, కొడుకు నావాడే, నోరు మాత్రం వాండ్లది' అంది. ఆ రాత్రి ఇరవై రూపాయలు చిన్నమ్మ కొంగుకు చేరాయి.

ఇవాళ స్త్రీలూ సాంకేతికతా, సెల్‌ఫోన్లూ ఆన్‌లైన్ జీవితమూ అన్న విషయాల మీద సభల్లో మాట్లాడమని పిలుస్తుంటారు. అక్కడ రెండే వాదాలు వినిపిస్తాయి. ఫోను వచ్చాక ఆడపిల్లలు చెడిపోతున్నారని ఒకటి. ఫోను వచ్చాక స్త్రీలకు ప్రపంచమే అరచేతిలోకి వచ్చిందని మరొకటి. రెండూ విన్నప్పుడు నాకు అవ్వ గుర్తొస్తుంది. ఉత్తరం మంచిదా చెడ్డదా అని ఆమె ఎప్పుడూ అడగలేదు. ఎవరు చదువుతున్నారు, ఏ వాక్యం దాటేస్తున్నారు అన్నదే ఆమె ప్రశ్న. స్త్రీల చేతికి వచ్చిన ప్రతి సాధనాన్నీ ఈ ప్రశ్నతో చూస్తే మన చరిత్ర కొంచెం వేరుగా కనిపిస్తుందని నా అభిప్రాయం.

*

మా ప్రాంతంతోనే మొదలుపెడతాను. గద్వాలకు 'విద్వద్గద్వాల' అని పేరు. ఏటా కార్తీక, మాఘ మాసాల్లో సంస్థానంలో పండిత సభలు జరిగేవి, ఎక్కడెక్కడి కవులో వచ్చి సన్మానాలు అందుకుని వెళ్ళేవాళ్ళు. ఆ సంస్థానాన్ని చివరగా ఏలింది ఒక స్త్రీ, మహారాణి ఆదిలక్ష్మీదేవమ్మ. సింహాసనం మీద స్త్రీ ఉన్నంత మాత్రాన కోట బయటి ఆడవాళ్ళకు అక్షరం అందలేదు. 2011 జనాభా లెక్కల నాటికి కూడా నేటి గద్వాల జిల్లా పరిధిలో అక్షరాస్యులు సగం మంది లేరు. స్త్రీలలో నలభై శాతం కూడా లేరు. తెలంగాణ మొత్తంలో అట్టడుగున ఉన్న జిల్లా మాది. విద్వద్గద్వాల అన్న మాట వినగానే గర్వంతోపాటు ఈ అంకె కూడా గుర్తుకురావాలి.

ఈ నడిగడ్డకే చెందిన ఇటిక్యాలపాడు సురవరం ప్రతాపరెడ్డిగారి ఊరు. 1926లో ఆయన గోలకొండ పత్రిక పెట్టారు. నిజాం రాష్ట్రంలో తెలుగు కవులే లేరన్నట్టు ఒకరు రాసిన మాటకు జవాబుగా 1934లో గోలకొండ కవుల సంచిక తెచ్చారు. 354 మంది కవులు! పత్రిక, తపాలా అనే రెండు సాధనాలను వాడుకుని, లేరన్నవాళ్ళను ఉన్నారని నిరూపించిన గొప్ప పని అది. జాబితాలో లేకపోతే లోకంలోనే లేనట్టు చూసే దుర్మార్గాన్ని ఆయన గుర్తుపట్టారు. అయితే ఆ జాబితాలోనూ కవయిత్రులు వేళ్ళమీద లెక్కపెట్టేంత మందే. ప్రతాపరెడ్డిగారిని తప్పుపట్టడానికి ఈ మాట అనడం లేదు. పత్రిక చదివి, తన పద్యం తానే కవరులో పెట్టి పంపగలిగిన ఆడవాళ్ళు అప్పుడెంతమంది? మా అవ్వ తిరగలి దగ్గర పాడిన పాటలకు ఏ చిరునామా ఉంది?

సరే, పంపగలిగిన స్త్రీల సంగతేమిటి? భండారు అచ్చమాంబ (1874-1905) బడికి పోలేదు. ఇంట్లో తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు సాయంతో చదువుకుంది. దేశంలోని స్త్రీల జీవితాలు సేకరించి 'అబలా సచ్చరిత్ర రత్నమాల' రాసింది. 1902లో ఆమె కథ 'ధనత్రయోదశి' హిందూ సుందరి పత్రికలో అచ్చయింది. అయినా మనం తరతరాలుగా బళ్ళల్లో, కాలేజీల్లో చదువుకున్నదేమిటి? తొలి తెలుగు కథ 1910లో గురజాడ రాసిన 'దిద్దుబాటు' అని. నేను కూడా ఎం.ఏ. పరీక్షలో అదే రాసి మార్కులు తెచ్చుకున్నాను. కథ అచ్చులో ఉంది, పత్రిక కట్టలు ఎక్కడో భద్రంగానే ఉన్నాయి. సాహిత్య చరిత్ర చదివిపెట్టినవాళ్ళు ఆ ఎనిమిదేళ్ళ వాక్యాన్ని దాటేశారు. స్త్రీవాద పరిశోధకులూ, తెలంగాణ పరిశోధకులూ పాత పత్రికలు తిరగేసి బయటికి తీస్తే తప్ప అచ్చమాంబ కథలు మనకు తిరిగి అందలేదు. ఈనాడు 'అన్నీ నెట్‌లో ఉన్నాయి కదా' అని విద్యార్థులు అంటే నేను భయపడేది అందుకే. ఉండటం వేరు, కనపడటం వేరు.

*

చదివిపెట్టేవాళ్ళ ప్రమేయం తగ్గిన సందర్భాలూ మన చరిత్రలో ఉన్నాయి. వాటిని ఇంకా శ్రద్ధగా చూడాలనిపిస్తుంది.

ఒకటి టేప్ రికార్డరు. హైదరాబాదులోని స్త్రీశక్తి సంఘటన సభ్యులు తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీలను వెతుక్కుంటూ వెళ్ళి వాళ్ళ మాటలను రికార్డు చేశారు. 1986లో 'మనకు తెలియని మన చరిత్ర' పుస్తకం వచ్చింది. అందులో చిట్యాల ఐలమ్మ, మల్లు స్వరాజ్యం, దళంలో ఉండగా కన్నబిడ్డను వదులుకోవాల్సి వచ్చిన కమలమ్మ తమ మాటల్లోనే మాట్లాడతారు. అప్పటికి పోరాటం గురించి పుస్తకాలు లేక కాదు. నాయకులు రాసిన చరిత్రలు ఉన్నాయి. వాటిలో స్త్రీలు అన్నాలు వండారు, కబుర్లు చేరవేశారు, అప్పుడప్పుడు తుపాకీ పట్టారు. పోరాటం ఆగిపోయాక ఇళ్ళకు వెళ్ళిపొమ్మంటే ఏమనిపించిందో ఏ నాయకుడూ రాయలేదు. ఎవరూ అడగలేదు గనుక. టేప్ రికార్డరు దానంతటదే ఈ పని చెయ్యలేదు. అప్పటికే ఇంటింటా సినిమా పాటలు వింటూనే ఉన్నాం కదా. కొందరు స్త్రీలు ఆ పరికరాన్ని ఇంకో ప్రశ్నతో వేరే స్త్రీల ముందు పెట్టారు. అదీ తేడా.

రెండోది వాచకం. నెల్లూరు జిల్లాలో 1990ల మొదట్లో సాక్షరతా ఉద్యమం నడిచింది. రాత్రి బడిలో ఆడవాళ్ళు గుంపుగా కూర్చుని, సారా వల్ల సంసారాలు ఏమవుతున్నాయో చెప్పే పాఠాలు తామే చదువుకున్నారు. దూబగుంట స్త్రీలు సారా దుకాణం మూయించారు. ఆ కబురు కూడా మరో పాఠమై ఊరూరికీ చేరింది. 1992 నాటికి అదొక మహా ఉద్యమం. 1993 అక్టోబర్ 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం. 1997లో ఆ నిషేధాన్ని సడలించారన్నది మరో విషాదం. నాకిక్కడ ముఖ్యమైనది, ఆ పాఠం చదివినవాళ్ళకూ పాఠానికీ మధ్య ఎవరూ లేకపోవడం. ఒకావిడ తడబడుతూ చదివితే పక్కావిడ అందుకుంది. ఏ వాక్యమూ దాటెయ్యలేదు.

మూడోది రేడియో. గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995లోనే చెప్పింది. కానీ స్వచ్ఛంద సంస్థలు కమ్యూనిటీ రేడియో పెట్టుకోవడానికి ప్రభుత్వం వీలు కల్పించింది 2006 చివర్లో. జహీరాబాదు దగ్గర మాచనూరులో డక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల దళిత మహిళలు అంతకుముందు నుంచే తమ మాటలూ పాటలూ టేపుల మీద రికార్డు చేసుకుంటూ ఎదురుచూశారు. 2008 అక్టోబరులో సంఘం రేడియో మొదలైంది. విత్తనాల గురించి, జొన్నల గురించి, పండగల గురించి తమ యాసలోనే మాట్లాడారు. మైకు ముందున్నదీ, మీటలు నొక్కిందీ దళిత స్త్రీలే.

*

ఇప్పుడు మా ఊరికి తిరిగి వస్తాను. మా నడిగడ్డలో స్త్రీల జీవితాన్ని ఫోనుకంటే ముందు మార్చేసిన సాంకేతికత ఒకటుంది. దాన్ని ఎవరూ సాంకేతికత అనరు, పత్తి అంటారు.

ప్రపంచంలో మొదటి వాణిజ్య సంకర పత్తి హెచ్-4 మన దేశంలోనే, గుజరాత్‌లో, 1970లో తయారైంది. సంకర విత్తనం ప్రతి ఏడూ కొత్తగా పుట్టించాలి, అదీ చేత్తోనే. సాయంత్రం వేళ ఆడ సాళ్ళలో, మర్నాడు విచ్చుకోబోయే మొగ్గను చూసి, రేకులు తీసి, లోపలి పుప్పొడి భాగాన్ని గిల్లెయ్యాలి. కీలాగ్రం చెడకూడదు. పొద్దున మగ పూలు తెచ్చి దానికి రాయాలి. ఒక్కొక్క పువ్వుకూ ఇదే పని, రెండు మూడు నెలలపాటు. దీన్ని మా దగ్గర క్రాసింగ్ అంటారు. గద్వాల, అయిజ, మల్దకల్ చుట్టూ సీడు పత్తి వ్యాపించాక ఆ పని ఆడపిల్లల మీద పడింది. వాళ్ళ వేళ్ళు సున్నితం కాబట్టి అని చెప్పేవాళ్ళు. అసలు కారణం వాళ్ళ కూలి తక్కువ, నోరు తక్కువ, తల్లిదండ్రులకు ముందే బయానా ఇచ్చేస్తే సీజనంతా పిల్ల పొలంలోనే ఉంటుంది. విత్తనంలో జీవశాస్త్ర పరిజ్ఞానం, ఒప్పంద కాగితాల్లో వ్యాపార పరిజ్ఞానం ఉన్నాయి. పదేళ్ళ పిల్ల వేళ్ళలో ఉన్న పరిజ్ఞానానికి మాత్రం పేరు లేదు.

ఇరవై రూపాయల జాబు నాటికి చిన్నమ్మ కడుపులో ఉన్న బిడ్డ ఆడపిల్లే. నాకు చెల్లెలు. నేను హాస్టల్లో చేరి చదువుకున్నాను. అది అయిదో తరగతితో ఆపేసి మొగ్గలకు పోయింది. మా ఇద్దరి మధ్య ఉన్న తేడా తెలివిలో లేదు. మా నాయనకు గుమాస్తా ఉద్యోగం ఉంది, చిన్నాయనకు లేదు. అంతే. స్త్రీల చరిత్ర రాసే నేను ఈ మాట దాటెయ్యకూడదు.

2020లో కరోనా వచ్చి బళ్ళు మూతపడ్డాయి. సెప్టెంబర్ 1 నుంచి తెలంగాణలో ఆన్‌లైన్ పాఠాలు మొదలయ్యాయి, టీశాట్‌లో, దూరదర్శన్ యాదగిరిలో, ఫోన్లలో. సెప్టెంబరంటే మాకు క్రాసింగ్ మంచి జోరుమీద ఉండే నెల. మా చెల్లెలి కూతురు అప్పుడు తొమ్మిదో తరగతి. ఇంట్లో ఒకటే స్మార్ట్‌ఫోను. అది ఇంటరు చదివే కొడుక్కి ఇచ్చారు. పాఠం టీవీలో కూడా వస్తుంది కదా అంటే, పాఠం వచ్చే వేళకు పిల్ల చేలో ఉండేది. నేను హైదరాబాదు నుంచి ఫోను చేసి చెల్లెలిని కోప్పడ్డాను. అది శాంతంగా, 'అక్కా, నీకు బడి మూసినా జీతం పడతాది' అంది. నా దగ్గర జవాబు లేదు.

2021 ఫిబ్రవరిలో బడి తెరిచాక పిల్ల వెళ్ళింది గానీ లెక్కలు దూరమైపోయాయి. 2022లో పది రాసింది. లెక్కల్లో తప్పింది, సప్లిమెంటరీలో గట్టెక్కింది, అక్కడితో ఆగిపోయింది. ఆన్‌లైన్ చదువు విజయవంతమైందని చెప్పే లెక్కల్లో ఈ పిల్ల ఏ వరసలో ఉందో నాకు తెలియదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడారా అని అడిగితే, దేశంలో పురుషులు 57 శాతం మంది అవునన్నారు. స్త్రీలు 33 శాతం. ఆ తేడా టవర్ల వల్ల వచ్చింది కాదు. ఒకే టవరు కింద, ఒకే కప్పు కింద వచ్చిన తేడా.

*

ఇలా రాస్తే నేను ఆన్‌లైన్‌కు వ్యతిరేకిని అనుకుంటారేమో. కాదు. 1998లో ఈమాట వచ్చినప్పుడు, 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా మొదలైనప్పుడు, తర్వాత యూనికోడ్ పుణ్యమా అని తెరమీద తెలుగు స్థిరపడినప్పుడు నేను పడ్డ సంతోషం అంతా ఇంతా కాదు. బ్లాగుల కాలంలో ఎంతమంది స్త్రీలు రాత్రి వంటిల్లు సర్దుకున్నాక కూర్చుని రాశారో! ఏ సంపాదకుడికీ పంపి ఎదురుచూడకుండా, ఎవరూ ఒక వాక్యం కొట్టెయ్యకుండా. నేనూ రాశాను. కవిత పెడితే కవిత గురించి ఒక్క మాట లేకుండా ఫొటో గురించి పది మాటలు రాసినవాళ్ళనూ చూశాను. కులం గురించి రాసిన దళిత రచయిత్రులు పడ్డ తిట్లముందు నాకు పడ్డవి ఏపాటి? అయినా ఆ దారి మూసెయ్యాలని నాకు ఎప్పుడూ అనిపించలేదు.

మా చిన్నమ్మ ఇప్పుడు వృద్ధురాలు. చిన్నాయన పోయాడు. చిన్నకొడుకు పుణెలో కట్టడం పనిలో ఉన్నాడు. వాడు వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ పంపిస్తే చిన్నమ్మ చెవి దగ్గర పెట్టుకుని మళ్ళీ మళ్ళీ వింటుంది. మధ్యలో రాసిపెట్టేవాడు లేడు, చదివిపెట్టేవాడు లేడు. దగ్గు వినపడితే మందు తాగినావా అని అడుగుతుంది. మా అవ్వకు ఈ భాగ్యం లేదు. దీన్ని చిన్న విషయం అంటే నేను ఒప్పుకోను.

డబ్బు దగ్గరికి వచ్చేసరికి మాత్రం కథ మొదటికి వస్తుంది. ఖాతా చిన్నమ్మ పేరుమీదే ఉంది. మెసేజ్ ఆమె ఫోనుకే వస్తుంది. దాన్ని చదివేది ఇంకొకరు. ఓటీపీ చెప్పమనేది మరొకరు. ఒకసారి డబ్బు తియ్యడానికి వేలిముద్ర వెయ్యమంటే మిషను ఒప్పుకోలేదు. చీర కొంగుతో తుడుచుకుని వేసినా ఒప్పుకోలేదు. ఏళ్ళ తరబడి మట్టి పని చేసి, మొగ్గలు గిల్లిన వేళ్ళు. గీతలు అరిగిపోయాయి. ఒకప్పుడు అక్షరం రానివాళ్ళకు వేలిముద్ర దిక్కు. ఇప్పుడు ఆ ముద్ర కూడా చదివిపెట్టే మిషను ఒకటి వచ్చి, నువ్వు నువ్వు కాదంటోంది.

చెల్లెలి కూతురు క్రాసింగ్ డబ్బులతో సొంత ఫోను కొనుక్కుంది. సిమ్ము అన్న పేరుమీద ఉంది. ఇన్‌స్టాగ్రామ్‌లో ఖాతా తెరిచింది. తన పేరు లేదు, ముఖం లేదు. పక్క ఊళ్ళో ఒక పిల్ల ఫొటోను ఎవరో మార్చి నలుగురికీ పంపారట. ఆ పనిచేసినవాణ్ణి ఎవరూ ఏమీ అనలేదు గానీ పిల్ల ఫోను గుంజుకుని, నెల తిరక్కుండా సంబంధం చూశారట. అందుకని మా పిల్ల ముఖం పెట్టదు. పత్తి పూల ఫొటోలు పెడుతుంది. పొద్దున లేత పసుపు, సాయంత్రానికి గులాబీ. వాటిని గిల్లే వేళ్ళు ఒక్కోసారి ఫొటో అంచున కనిపిస్తాయి. 'ఎంతమంది చూస్తారే?' అని అడిగితే, 'ఏమో పెద్దమ్మా, ఎవరికి చూపియ్యాల్నో అదే చూసుకుంటాది' అంది. ఎవరి మాట ఎవరికి వినిపించాలో, ఏది దాటెయ్యాలో నిర్ణయించే ఈ కనపడని పెద్దమనిషికి మన అవ్వల్లాగా ఎదురు ప్రశ్న వెయ్యడం మనం ఇంకా నేర్చుకోలేదు.

అందుకే నా కోరికలు చాలా మామూలువి. ప్రతి ఆడపిల్లకూ తన పేరుమీద తన ఫోను ఉండాలి. ఫొటో మార్చినవాణ్ణి వదిలేసి పిల్ల ఫోను గుంజుకోవడం ఆగాలి. ఆన్‌లైన్ పాఠం పెట్టేవాళ్ళు క్రాసింగ్ ఏ నెలలో వస్తుందో తెలుసుకోవాలి. రాత్రి బళ్ళు మళ్ళీ కావాలి. ఈసారి వాచకంలో ఓటీపీ కూడా ఒక పాఠం కావాలి, నెల్లూరు స్త్రీలు చదివినట్టు గుంపుగా కూర్చుని చదవాలి. మనబోటి రచయిత్రులం, అధ్యాపకులం కూడా ఒక రకంగా చదివిపెట్టేవాళ్ళమే. మా చెల్లెలి మాటలు ఇక్కడ రాస్తూ నేను ఏం దాటేశానో నాకే తెలియాలి. అందుకే ఈ వ్యాసం పత్రికకు పంపేముందు దానికి చదివి వినిపించాను. తన కూలి సంగతి ఉండనియ్యమంది. ఒక్క విషయం తీసెయ్యమంది, తీసేశాను.

మొన్న తిమ్మప్ప జాతరకు వెళ్ళినప్పుడు చిన్నమ్మ నన్ను పక్కకు పిలిచి ఫోను నా చేతిలో పెట్టింది. బ్యాంకు మెసేజ్. ఎంత పడింది, ఎంత తీశారు, ఎంత మిగిలింది, నెమ్మదిగా చదివాను. ఆమె వేళ్ళు మడుస్తూ లెక్క కట్టుకుంది. ఇంతకుముందు ఎవరూ చదవలేదా అని అడిగాను.

'సదివినారులే,' అంది. 'నువ్వు మూడోదానివి.'